సంహితయు పదమును: ఉత్తర తెలంగాణమున ఆంగ్లశ్రవణ బోధన

భాషాబోధనను గూర్చి వ్రాసినవారందఱును శ్రవణము, భాషణము, పఠనము, లేఖనము అను నాలుగు కౌశలములను ఈ క్రమముననే పేర్కొందురు. శ్రవణమునకు ఈ ప్రథమస్థానము పట్టికలో దక్కినదే గాని తరగతిగదిలో దక్కలేదు. కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల పాఠశాలలలో ఆంగ్లపాఠమనగా తఱుచుగా అచ్చులోనున్న దానిని చదువుట, దానికి తెలుగున అర్థము చెప్పుట, ప్రశ్నలకు జవాబులు వ్రాయించుట. 2016 అక్టోబరులో ఈ రెండు జిల్లాలును పెక్కు జిల్లాలుగా విభక్తములైనవి. ఈ వ్యాసమున ఆ పేర్లను పూర్వపు హద్దులకే వాడుచున్నాము.

ఈ విషయమును ఇప్పుడు విచారింపవలసిన కారణము వేఱొకటి కలదు. 2022-23 విద్యాసంవత్సరము నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడినది. అంతకుముందు ఆ పిల్లలలో అధికసంఖ్యాకులకు ఆంగ్లము ఒక పాఠ్యాంశము మాత్రమే. నేడది గణితమునకును విజ్ఞానశాస్త్రమునకును ద్వారబంధము. విన్నది తెలియని బాలుడు ఒక్క ఆంగ్లమున గాక అన్నిటను వెనుకబడును. అప్పుడు వెలువడిన ద్విభాషాపుస్తకములలో ఒక పుట ఆంగ్లము, ఎదుటిపుట తెలుగు. చదువు పిల్లవానికి అది మంచి ఊత. చెవికి మాత్రము అట్టి ఎదుటిపుట లేదు.

శ్రవణబోధన పేర జరుగుచున్నది చాలవఱకు పరీక్షయే. ఒక భాగమును వినిపింతురు, అయిదు ప్రశ్నలడుగుదురు, సరియైన జవాబులను లెక్కింతురు. జవాబు తప్పినవానికి ఏ చోట చెవి తప్పినదో ఎవరును చెప్పరు. జాన్ ఫీల్డ్ అను ఆంగ్లభాషాశాస్త్రవేత్త 2008లో వెలువరించిన గ్రంథమున ఈ పద్ధతిని గట్టిగా విమర్శించినాడు. అది గ్రహణమును కొలుచునే గాని గ్రహించుటను నేర్పదని ఆయన వాదము. ఆ వాదము మా ప్రాంతమునకు మఱింత వర్తించును.

చెవి ఎక్కడ తప్పును? ట్రుబెట్‌స్కోయ్ అను రష్యను భాషావేత్త 1939లో వెలువడిన తన ధ్వనిశాస్త్రగ్రంథమున మాతృభాషా ధ్వనివ్యవస్థను జల్లెడతో పోల్చినాడు. పరభాషాధ్వనులన్నియు ఆ జల్లెడనుండి జాఱియే మనకు చేరునని ఆయన చెప్పిన మాట. తెలుగు జల్లెడ గుణము సుపరిచితమే. మన పదములు ప్రాయికముగా అజంతములు. కావుననే బస్ మనకు బస్సైనది, రోడ్ రోడ్డైనది, కార్ కారైనది. చెవియు నోటివలెనే పదాంతమున అచ్చును వెదకును. ఆంగ్లమున భూతకాలమును తెలుపు ప్రత్యయము ఆ హల్లుల గుంపులోనే దాగియుండును. 'వాక్' అనుటకును 'వాక్ట్' అనుటకును నడుమ నున్న ఆ చిన్న టకారము మన పిల్లవానికి వినబడదు. ఇట్లని ఈ జల్లెడ అన్నిట ఇఱుకైనది కాదు. దంత్య ౙకారము మనకున్నందున ఆంగ్లమున 'జూ' అనునప్పటి ఊష్మము మనకు దాదాపుగా అందును. చిన్నయసూరి బాలవ్యాకరణమున సంజ్ఞాపరిచ్ఛేదమున విధించిన దంత్యతాలవ్య చజల భేదము ఆంగ్లతరగతిలోను పనికివచ్చునన్న మాట. ఉర్దూ వినుచు పెరిగిన పిల్లలకు ఈ ధ్వనియు, ఫకారముగా మనము వ్రాయు దంతోష్ఠ్యధ్వనియు కష్టము కావు.

అయినను విడి ధ్వనుల భేదము ప్రధానమైన అడ్డంకి కాదని మా అభిప్రాయము. అసలు అడ్డంకి ధ్వనుల కలయికలో నున్నది. దీనిని వివరించుటకు మన వైదికసంప్రదాయపు పరిభాషను మించినది మాకు కనబడలేదు. వేదమును సంహితగా పఠింతురు. ఆ సంహితను విడదీసి పదపాఠము చెప్పుదురు. సంహితలో పదములు సంధిచే మాఱి ఒకదానిలో నొకటి కలిసియుండును. పదపాఠమున ఏ పదమునకాపదము విడిగా నిలుచును. ఆంగ్లము వ్రాతలో పదపాఠము, మాటలో సంహిత. తెలుగున సంధి చాలవఱకు లిపిలోనే కనబడును. మనము వినుదానికి దగ్గఱగానే వ్రాయుదుము. ఆంగ్లలిపి మాత్రము సంధిని దాచును. పుస్తకముద్వారా ఆ భాష నేర్చిన విద్యార్థి చెవిలో పదపాఠము వెలుగుచుండును. ఎదుటివాని నోట సంహిత వచ్చును. అతడు వేగముగా మాటాడినాడని విద్యార్థి ఫిర్యాదు. వేగము నిజమే గాని, పదముల రూపమే మాఱినదని ఆతనికి ఎవరును చెప్పలేదు.

కొన్ని ఉదాహరణములు చూతము. 'టెన్ బాయ్స్' అన్నది మాటలో 'టెంబాయ్స్' అగును. పవర్గమునకు ముందు బిందువును మకారముగా పలుకు తెలుగువానికి ఇందు వింత లేదు. 'డిడ్ యు' అన్నది 'డిజ్యు' అగును. 'నెక్స్ట్ డే' అన్నచోట నడిమి టకారము లోపించును. 'బ్రెడ్ అండ్ బటర్' అన్నచోట 'అండ్' కేవలము నకారముగా మిగులును. 'అన్ ఎయిమ్' అనగా ఒక లక్ష్యము, 'అ నేమ్' అనగా ఒక పేరు; వాడుకమాటలో రెండును ఒకే ధ్వనిప్రవాహము. పింగళి సూరన రాఘవపాండవీయమును పాఠము చెప్పుకొను శాఖవారికి ఇది సభంగశ్లేష యని వేఱుగా చెప్పనక్కఱ లేదు. అక్కడ విఱుపును నిర్ణయించునది కథాసందర్భము, ఇక్కడను సందర్భమే.

ఇంకొక విషయము మా ప్రాంతమునకు ప్రత్యేకమైనది. జగిత్యాల, పెద్దపల్లి ప్రాంతపు బాలుడు ఇంట 'వత్తన్న' అనును. బడిలో 'వస్తున్నాను' అని చదువును. ఇంట 'చేత్త' అనునది పుస్తకమున 'చేస్తాను'. సకారము తకారములో సమీకృతమగుట, అచ్చులు కుదించుకొనుట, పదాంతము రాలుట — వీనిని ఆ బాలుడు ఆంగ్లముకన్న ముందే, తన భాషలోనే, ప్రతిదినము దాటుచున్నాడు. వ్రాసిన రూపమునకును పలికిన రూపమునకును గల సంబంధము ఆతనికి అనుభవసిద్ధము. ఆంగ్లోపాధ్యాయునికి ఇంతకన్న మంచి ఉపకరణము దొరకదు. కాని ఆ 'వత్తన్న'ను తప్పని దిద్ది, నవ్వి, బాలునిచే విడిపించిన బడిలో ఈ ఉపకరణము చేజాఱినట్లే. మాండలికమును గౌరవించుట కేవలము అభిమానవిషయమని తలచు పండితులు కొందఱు కలరు. ఇక్కడ అది బోధనావిషయము.

ఇక లయ. తెలుగున కాలము మాత్రలను బట్టి నడచును; లఘువు లఘువే, గురువు గురువే, ఏ అక్షరమును తన మాత్రను మఱొకదాని కొఱకు వదలుకొనదు. ఆంగ్లమున కాలము బలమును బట్టి నడచును. బలము పడిన అక్షరము నిలుచును. తక్కినవి నలిగి అస్పష్టమైన అకారప్రాయధ్వనిగా మిగులును. ఈ భేదమును 1945లో కెనెత్ పైక్ సూత్రీకరించినాడు. బలాక్షరములు సమానకాలమున పడునన్నది కొలతలకు నిలువలేదు గాని, బలహీనాక్షరములు నలుగుట మాత్రము ఎల్లవారును ఎఱిగినదే. 'ఐ క్యాన్ గో' అని చదివిన విద్యార్థికి 'ఐ కన్ గో' అని వినబడును. అందులోని 'కన్' ఆతనికి తట్టదు. తట్టనిచోట 'కాంట్' అని ఊహించినయెడల అర్థము తలక్రిందులగును. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి వర్ణముతోపాటు మాత్రను, బలమును, సంతానమును గూడ శిక్షాంగములుగా చెప్పినది. మన ఆంగ్లబోధన వర్ణముకడనే ఆగిపోయినది.

అభ్యాసమునకు ఏమి చేయవలెను? వేదాధ్యయనమునకు ప్రసిద్ధమైన మంథని మా ప్రాంతముననే కలదు. సంతచెప్పువారి పద్ధతిలో మూడు మెట్లున్నవి. సంహిత, పదము, క్రమము. క్రమపాఠమున మొదటి పదమును రెండవదానితో, రెండవదానిని మూడవదానితో జతచేసి పలుకుదురు. దీనిని ఆంగ్లతరగతికి ఇట్లు మలచవచ్చును. ఉపాధ్యాయుడు ఒక చిన్నవాక్యమును సహజమైన నడకలో పలుకవలెను. పిల్లలు ఎన్ని పదములు విన్నారో ముందు చెప్పవలెను, అర్థము తరువాత. పిదప వాక్యము నల్లబల్లపై పదపాఠముగా వ్రాయబడును. అటుపై క్రమము. 'ఐ హ్యావ్ టు గో' అను వాక్యమున 'ఐ హ్యావ్' అన్న జతలో వకారము నిలుచును. 'హ్యాఫ్ టు' అన్న జతలో అదియే నాదమును కోల్పోయి ఫకారప్రాయమగును. 'టు గో' అన్న జతలో 'టు'లోని అచ్చు నలుగును. ఏ కీలువద్ద ఏ మార్పు జరిగినదో పిల్లవాడు తానే పట్టుకొనును. చివరకు మరల సంహిత వినవలెను. మొదటి వినికిడికిని ఈ కడపటి వినికిడికిని గల భేదమే పాఠము. పది నిమిషముల పని. యంత్రముతో నిమిత్తము లేదు. చరవాణిలో ధ్వనిముద్రణ ఉన్నచో ఒకే పలుకును మాఱకుండ పలుమాఱు వినిపింపవచ్చును, అంతే. తెలుగు ఉపాధ్యాయుడు సంధిపాఠము చెప్పు వారముననే ఆంగ్లోపాధ్యాయుడు ఈ అభ్యాసము చేయించినచో మఱియు మేలు.

ఇంతకును ఏ ఆంగ్లమును వినిపింపవలెనన్న ప్రశ్న వచ్చును. మన పిల్లలు రేపు వినబోవునది లండను మాట మాత్రమే కాదు. కేరళమునుండి వచ్చిన దాది మాట, ఉత్తరాదినుండి వచ్చిన అధికారి మాట. వీరి ఆంగ్లమున అక్షరములు అంతగా నలుగవు. కావున నలిగిన రూపములను పిల్లవాడు పలుకవలెనని నిర్బంధింపరాదు. వినగా తెలిసిన చాలును. ఇంటర్మీడియేటు విద్యార్థులకు 2023-24 నుండి ఆంగ్లమున 20 మార్కుల ప్రయోగపరీక్ష ఏర్పడినది. అందు నోటికే మార్కులిచ్చి చెవిని మఱచుట జరుగకూడదు.

ఆదిలాబాదు కొండప్రాంతపు విషయము ప్రత్యేకముగా విచారింపదగినది. ఉట్నూరు, జైనూరు పరిసరముల గోండు బాలునికి తెలుగే రెండవభాష. హైమన్‌డార్ఫ్ పూనికతో 1940లలో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఆరంభమైనప్పుడు చదువు గోండీతో మొదలయ్యెను. గోండీ ద్రావిడభాషయే, తెలుగునకు చుట్టమే; కాని దాని జల్లెడ వేఱు. 'నార్' అనగా ఊరు, 'రోన్' అనగా ఇల్లు. ఇట్టి హలంతపదములు ఆ భాషలో సహజములు. కావున 'బస్' అన్నపుడు ఆ బాలుని చెవి చివర అచ్చును వెదకనక్కఱ లేదు. ఆతనికి బస్సు, బుక్కు అను ఉకారాంతరూపములను అలవాటు చేయునది బడిలోని తెలుగు నోరే. ఇట్టి తరగతిలో ఆంగ్లోపాధ్యాయుడు మొదట గోండీ హలంతపదములను పిల్లలచేతనే పలికించి విని, వాని ప్రక్కన ఆంగ్లపదములను నిలిపి పాఠమారంభింపవలెను. తెలుగు పిల్లలు ఆ తరగతిలో నున్నచో వారు గోండు పిల్లల నోటినుండియే హలంతమును వినవచ్చును.