వినుట కూడ ఒక విద్యయే

మాట్లాడుట అందరికిని ఇష్టమే. వినుట కొందరికే చేతనగును. ఇంటిలోనైనను, ఊరిలోనైనను, విద్యాలయములోనైనను పెద్దలు ఒక నిర్ణయము చేయుటకు ముందు తక్కినవారి మాట వినవలెనా, విన్న పిమ్మట ఆ మాటకు ఎంత విలువ నీయవలెను అన్నది పాత ప్రశ్నయే. ఉర్దూలో ‘మష్వరా’ అన్నను, తెలుగులో ‘సంప్రదింపు’ అన్నను ఆ ప్రశ్న అందులో ఇమిడియే యున్నది. ప్రపంచములోని అతి ప్రాచీన సంస్థలలో ఒకటైన రోమన్ కతోలిక శ్రీసభ ఇటీవల ఈ ప్రశ్నను తనకు తానే వేసికొన్నది. ఆ ప్రయత్న మెట్లు సాగినదో, దానివలన ఏమి తేలినదో పాఠకులకు విశదపరచుటయే మా ఉద్దేశము.

మొదట శ్రీసభ నిర్మాణమును కొంత తెలిసికొనవలెను. ఒక ఊరిలోనో, కొన్ని ఊళ్లలోనో ఉన్న విశ్వాసుల సమాజమును విచారణ అందురు. దానిని చూచుకొనువారు విచారణ గురువు. అనేక విచారణలు కలిసి ఒక మేత్రాసనము. దాని అధిపతి పీఠాధిపతి. అందరిపైన రోములో పోపు. ఇట్టి నిర్మాణములో ఆజ్ఞ పైనుండి క్రిందికి వచ్చుట సులభము. క్రింది మాట పైకి పోవుట కష్టము. 1962 నుండి 1965 వరకు జరిగిన రెండవ వాటికన్ మహాసభ ఈ విషయమున గొప్ప మార్పు తెచ్చినది. శ్రీసభ యనగా గురువులు, పీఠాధిపతులు మాత్రమే కాదు, జ్ఞానస్నానము పొందిన ప్రజలందరును అని అది చాటినది. లాటిన్ భాషలో జరుగుచుండిన పూజ తెలుగు మొదలగు దేశభాషలలోనికి వచ్చినది కూడ ఆ మహాసభ ఫలితముగనే. 1965 సెప్టెంబరు 15న ఆరవ పౌలు పోపు పీఠాధిపతుల సినడ్‌ను నెలకొల్పిరి. సినడ్ అను మాట గ్రీకు భాషనుండి వచ్చినది; కలిసి నడచుట అని దాని భావము. కాని అర్ధశతాబ్దికి పైగా ఆ నడకలో ఓటు గలవారు దాదాపు అందరును పీఠాధిపతులే.

2021 అక్టోబరులో పోపు ఫ్రాన్సిస్ ఈ వరుసను మార్చిరి. రోములో చర్చించుటకు ముందు ప్రతి దేశములోను, ప్రతి మేత్రాసనములోను, వీలైనంతవరకు ప్రతి విచారణలోను సామాన్య విశ్వాసులను కూర్చుండబెట్టి వారి మాట వినవలెనని కోరిరి. గుడికి రానివారిని, మానివేసినవారిని, పేదలను కూడ వెదకి వినుడని సూచన. విచారణలలో విన్నది మేత్రాసనమునకు, అక్కడినుండి దేశస్థాయికి, పిదప రోమునకు చేరినది. ప్రపంచములోని 114 పీఠాధిపతుల సమాఖ్యలలో 112 తమ సారాంశములను పంపినవి. అచ్చట వాని నన్నిటిని ఒక పత్రముగా కూర్చి, 2022 అక్టోబరులో తిరిగి మేత్రాసనములకే పంపిరి. ‘మేము విన్నది ఇది, సరిగా వింటిమా?’ అని అడుగుట వంటిది ఆ పని. ఆసియా ఖండపు సభ 2023 ఫిబ్రవరిలో బాంకాక్ నగరమున జరిగినది. అచటి నివేదిక ఒక చక్కని పోలిక చెప్పినది: ఇతరుల ఇంట అడుగిడుటకు ముందు పాదరక్షలు విడుచు ఆసియావాసుల అలవాటు. ఎదుటివాని మాట వినుటకు ముందు మన గర్వమును గడప వెలుపల విడువవలె నన్నమాట.

ఈ సమావేశములలో అనుసరించిన పద్ధతి మనము గమనింపదగినది. చిన్న బృందములో ప్రతివారును వంతువారీగా, కొద్ది నిమిషములు మాత్రమే మాట్లాడుదురు. ఎవరును అడ్డు చెప్పరాదు. పిమ్మట కొంత మౌనము. రెండవ వంతులో తన మాట కాక, ఇతరుల మాటలలో తన మనసును తాకిన దేదో చెప్పవలెను. మరల మౌనము. మూడవ వంతులోనే ఏకీభావ మెచ్చట, భేద మెచ్చట అని అందరును కలిసి నిర్ణయింతురు. గట్టి గొంతువాడు గెలుచుటకు ఇందు అవకాశము తక్కువ. నోరు విప్పని వానికిని ఒక వంతు దక్కును. వాదమునకు అలవాటుపడిన మనకు రెండవ వంతు మిక్కిలి కష్టమైనది; ఏలయనగా వినని వాడు ఆ వంతులో చెప్పగలిగినది ఏమియు నుండదు.

2023 అక్టోబరులో రోములో జరిగిన సభయందు మొదటిసారిగా స్త్రీలకును, గృహస్థులకును ఓటుహక్కు కలిగినది. ఓటర్లలో 54 మంది స్త్రీలు. వరుసలు తీర్చిన ఆసనములకు బదులు గుండ్రని బల్లలచుట్టు కార్డినల్, మఠకన్య, విద్యార్థి ప్రక్కప్రక్కన కూర్చుండిరి. 2024 అక్టోబరులో రెండవ సమావేశము ముగియునాటికి 155 పేరాల తుది పత్రము ఆమోదము పొందినది. స్త్రీలకు డీకను పదవి విషయము ఇంకను తెరచియుంచవలె నన్న 60వ పేరాకు 258 అనుకూలముగను, 97 ప్రతికూలముగను ఓట్లు పడినవి. అన్ని పేరాలలో ఎక్కువ వ్యతిరేకత వచ్చినది దీనికే.

అయితే లోపములను మరుగుపరచుట వ్యాసధర్మము కాదు. అమెరికాలో సుమారు 6 కోట్ల 70 లక్షల కతోలికులుండగా ఈ సంప్రదింపులలో పాల్గొన్నవారు దాదాపు 7 లక్షలు, అనగా నూటికి ఒక్కరు. కఠినమైన ప్రశ్నలను కొన్నింటిని 2024లో ప్రత్యేక అధ్యయన బృందములకు అప్పగించుట చూచి, అడిగించి దాటవేసిరని నొచ్చుకొన్నవారును కలరు. అంతకంటె మూలమైన చిక్కు చట్టములో నున్నది. 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రము ప్రకారము విచారణ సలహాసంఘమునకు సలహా చెప్పు అధికారమే కాని నిర్ణయించు అధికారము లేదు. సలహా చెప్పవచ్చును, పాటింపవలెనన్న నియమము లేదు అన్నచో చెప్పువాని ఉత్సాహ మెన్నాళ్లు నిలుచును? తుది పత్రము ఈ ముడిని గుర్తించినది. నిర్ణయము అధికారిదే, కాని కలిసి ఆలోచించి తేల్చిన దానిని ఆయన లేనట్లుగా చూడరాదు, వేరు త్రోవ పట్టినచో తగిన కారణమును వివరింపవలెను అని అది చెప్పుచున్నది. మా దృష్టిలో ఆ పత్రమునకు ప్రాణ మిదియే.

మన తెలుగునాట దీనికి మరియొక అర్థము కలదు. ఇచ్చటి విచారణలలో దళిత క్రైస్తవులు అనేకులు. శ్రీసభలోను కులవివక్ష యున్నదని భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్యయే 2016లో తన విధానపత్రమున ఒప్పుకొన్నది. 2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారు కార్డినల్ అగుట, తెలుగువారిలోను దళితులలోను ఆ పదవి పొందిన తొలివ్యక్తి యగుట సంతోషకరము. కాని ఒకరు పై పీఠమెక్కుటతో పని ముగియదు. గుడిలో వెనుక వరుసన కూర్చున్న కూలి తల్లి మాట విచారణ సంఘపు పుస్తకములో వ్రాయబడునా అన్నదే అసలు పరీక్ష.

పోపు ఫ్రాన్సిస్ 2025 మార్చిలో ఆసుపత్రిలో నుండియే ఈ కార్యమును 2028 అక్టోబరు సభవరకు కొనసాగించుటకు ఆమోదించిరి. ఏప్రిల్ 21న పరమపదించిరి. మే 8న ఎన్నికైన పోపు పదునాలుగవ లియో తన తొలి పలుకులలోనే కలిసి నడచు శ్రీసభను కోరిరి. ఫలితమును కాలము నిర్ణయించును.

ఈ వృత్తాంతము ఏ మతమువారికైనను పాఠమే. మన కళాశాలలోను విద్యార్థులు గ్రంథాలయ వేళలను గూర్చియో, వసతిగృహ భోజనమును గూర్చియో కోరికలు చెప్పుదురు, కార్యవర్గము ఆలకించును. ప్రతి కోరికయు తీరవలెనని మేమనము. ధనము, స్థలము, నియమములు అన్నింటికిని హద్దులు కలవు. కాని చెప్పిన మాటను వ్రాసికొని, మరుసటి సమావేశమున మొదట దానినే చదివి, తీరినదేదో, తీరనిదేదో, ఏలనో చెప్పుటకు ధనమక్కరలేదు. చెవితో మొదలైన వినికిడి బదులుతోనే పూర్తియగును. విద్యార్థి సోదరులు కూడ తమ వంతు వచ్చువరకు ఎదుటివాని మాటను చివరిదాక విని, అందులో తమను తాకిన దేదో ఒక్కటి చెప్పగలిగిన నాడు ఈ విద్య అలవడినట్లే.