తేనె.. కప్పుకి అంటకుండా!
కేకు కోసం తేనెనో, పీనట్ బటర్‌నో కప్పుతో కొలిచి గిన్నెలో వేస్తాం. కొంత కప్పుకే అతుక్కుపోతుంది. దాంతో తీపీ, తేమా తగ్గి కేకు తేడా కొడుతుంది. దీనికి విరుగుడే ‘అడ్జస్టబుల్ మెజరింగ్ కప్’. గొట్టం మీద కొలత గీతలు, లోపల సిరంజిలో మాదిరి జరిగే పిస్టన్ ఉంటాయి. కావాల్సిన గీత దగ్గరికి పిస్టన్ జరిపి, అంచుదాకా నింపి, చాకుతో చదును చేయాలి. గిన్నె మీద బోర్లించి నెడితే మొత్తం బయటికొచ్చేస్తుంది. వాడాక రెండు భాగాలూ విడదీసి కడగండి. లేదంటే సందుల్లో జిడ్డు పేరుకుంటుంది. కొనేటప్పుడు గీతలూ చూసుకోవాలి. అమెరికా కప్పు సుమారు 240 మిల్లీలీటర్లయితే, మెట్రిక్ కప్పు 250. ఇది లేకపోయినా ఫర్లేదు.. మామూలు కప్పు లోపల కాస్త నూనె రాసి కొలిస్తే తేనె ఇట్టే జారిపోతుంది.