రానున్న కీడు ముందే తెలిసినను

విషాదాంత నాటకమున జరుగబోవునది ముందే తెలిసిపోయినచో ఇక ఉత్కంఠ యెక్కడిదని విద్యార్థులు తరచుగా అడుగుదురు. ప్రశ్న సమంజసమైనదే. కాని పాత్రకు తెలియనిది ప్రేక్షకునకు తెలిసినప్పుడే వాని గుండె వడివడిగా కొట్టుకొనును. ఏమి జరుగునన్న కుతూహలము ఒకసారితో తీరిపోవును. ఎప్పుడు జరుగునో, తప్పించుకొను దారి యున్నదో లేదో యన్న ఆరాటము తుదివరకు వీడదు.

మన లాక్షణికులు ఈ మర్మమును గుర్తింపకపోలేదు. ఒకటి తలచి పలికిన మాటలోనుండి అనుకోని మరొక యర్థము తొంగిచూచి రానున్నదానిని సూచించుట వంటి ప్రయోగములకు భరతుడు పతాకాస్థానకమని పేరిడి, నాలుగు తెరగులుగా చెప్పెను. మన పాఠములలో దీనిని నిర్వచనముగా వల్లెవేయించుటయే కాని నాటకములో చూపుట తక్కువ.

భట్టనారాయణుని వేణీసంహారము రెండవ అంకమును తీసికొందము. అది విషాదాంతము కాదు. అయినను దుర్యోధనుని వైపునుండి చూచినచో అంతకంటె విషాదమేమున్నది? ఉద్యానమున పెనుగాలి రేగినది. రాజు భానుమతిని తన తొడలపై కూర్చుండుమని వేడుకొనుచున్నాడు. సరిగా ఆ క్షణముననే కంచుకి తత్తరపాటుతో వచ్చి, విరిగినదనియు, విరిచినది భీముడనియు చెప్పును. తరచి యడుగగా తేలినదేమన, భయంకరమైన గాలికి రథధ్వజము విరిగినదట! భీమశబ్దమునకు భయంకరమను అర్థము కలదు గదా. తొడలు విరుగగొట్టుదునన్న భీముని ప్రతిజ్ఞను సభవారు మొదటి అంకముననే వినియున్నారు. భానుమతి శాంతి చేయింపవలెననును. రాజునకది లెక్కలేదు.

ఉత్తరరామచరితమున భవభూతి చేసినది ఇంతకంటె సున్నితము. సీత భుజముపై తలయుంచి నిదురించుచుండగా, ఈమె వలన విరహమొక్కటే సహింపరానిదని రాముడనుకొనును. వెంటనే ప్రతీహారి ప్రవేశించి, వచ్చెనని విన్నవించును. వచ్చినది అపవాదు మోసికొని వచ్చిన దుర్ముఖుడు.

షేక్‌స్పియరు భరతుని చదివినవాడు కాడు. అయినను మాక్‌బెత్ మొదటి అంకమున ఇదే పోకడ కానవచ్చును. తాను పూర్తిగా నమ్మిన కాడరు ప్రభువు ద్రోహియైనాడని డంకన్ రాజు వగచుచు, ముఖమును చూచి మనసును తెలిసికొను విద్య లేదనుచుండగనే మాక్‌బెత్ ప్రవేశించును. రాజు వానిని ఆదరముతో పలుకరించును. మంత్రగత్తెలు వానికి రాజ్యమును జోస్యము చెప్పిన సంగతి మనకు తెలియును, డంకనుకు తెలియదు. జూలియస్ సీజరులోని పిడుగులు, వీథులలో తిరుగు సింహము చూపునకు ఆర్భాటమే. డంకను పలికిన ఈ రెండు ముక్కలకున్న బరువు వానికి లేదు.

ఆపైన డంకను మాక్‌బెత్ కోటకు అతిథియై వచ్చును. గాలి హాయిగా నున్నదని మెచ్చుకొనును. వెంటనున్న బాంకో గోడలపై పక్షులు కట్టుకొన్న గూళ్ళను చూపించును. ఇల్లాలు ఎదురువచ్చి స్వాగతము పలుకగా, ఆ ముసలిరాజు ఆమె చేయి యందుకొని లోనికి నడచును. మరల అతడు రంగస్థలముపై కనబడడు.