అద్దం వెనుక అట్టముక్క

ఒక కారు నిలబడడానికి ఎంత జాగా కావాలి? రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు. అంటే సుమారు 12.5 చదరపు మీటర్లు. లెక్క చిన్నదే గాని, సేద్యం చేసే ఇంట్లో పుట్టినవాణ్ణి గనుక నాకది మరోలా కనిపిస్తుంది. మేము ఎకరం వరికి ఐదు సెంట్ల నారుమడి పోస్తాం. ఐదు సెంట్లంటే దాదాపు 200 చదరపు మీటర్లు. పదహారు కార్లు వరసగా నిలబడితే ఒక ఎకరం నారుమడికి చాలినంత నేల వాటి కిందికి పోయినట్టే. నగరం నడిబొడ్డున అంత నేలను ఉచితంగా వాడుకునే హక్కును ఒక అట్టముక్క మీద రాసిస్తే ఏమవుతుంది? ఈ వ్యాసంలో చెప్పబోయేది అదే.

ముందు పర్మిట్ అంటే ఏమిటో చూద్దాం. తనిఖీలకు తిరిగే ఉద్యోగికి, నడవలేని వికలాంగుడికి, పనికి దగ్గరలో బండి నిలపడం అవసరం. అందుకని నగరపాలక సంస్థలు ఒక అట్ట ఇచ్చి, అద్దం వెనుక పెట్టుకోమంటాయి. ఇందులో తప్పేమీ లేదు. అయితే ఆ అట్ట కొన్ని చోట్లకే చెల్లుతుంది. న్యూయార్క్ నగరంలో మంటలార్పే నీటి కుళాయికి ఇరువైపులా 15 అడుగుల లోపల ఏ బండీ నిలపరాదు. నగరం ఇచ్చిన పర్మిట్ ఉన్నా సరే, ఆ కుళాయి దగ్గరా, బస్టాపులోనూ నిలపడానికి వీల్లేదు. అగ్ని పర్మిట్ చూసి ఆగదు గదా!

చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఉన్న జాగా కన్నా అట్టలు ఎక్కువైనప్పుడు. అదే న్యూయార్క్‌లో 2008లో మేయర్ బ్లూంబర్గ్ హయాంలో విద్యాశాఖ పర్మిట్లు సుమారు 63 వేల నుంచి 11 వేలకు తగ్గించారు. బడుల దగ్గర ఉన్న జాగాలకు సరిపడా అట్టలే ఉండాలన్నది ఆ తగ్గింపులోని తర్కం. 2017లో మేయర్ డి బ్లాసియో హయాంలో మళ్ళీ 50 వేల దాకా పర్మిట్లు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. జాగా మాత్రం పెరగలేదు. చెరువులో వంద ఎకరాల నీళ్ళుండగా ఐదు వందల ఎకరాలకు వంతులు రాసిస్తే ఏమౌతుంది? తూము దగ్గరివాడి మడి నిండుతుంది, కొసమడి ఎండుతుంది. అట్ట ఉండీ జాగా దొరకనివాడు ఫుట్‌పాత్ ఎక్కిస్తాడు. ఎవరూ అడగరని తెలిశాక, అట్ట లేనివాడు కూడా దొంగ అట్ట చేసుకుంటాడు. అక్కడ అద్దం దగ్గర యూనిఫారం జాకెట్టు పడేసి పోయేవాళ్ళూ ఉన్నారని పత్రికలు ఎన్నోసార్లు రాశాయి. చలానా రాయవలసినవాడూ, అట్ట పెట్టినవాడూ ఒకే సర్కారు కొలువులో ఉంటే పెన్ను కదలడం కష్టమే మరి.

మనుషుల స్వభావమే అంత, చట్టం ఏం చేస్తుంది అంటారు కొందరు. సైన్సు విద్యార్థిగా నేను దీనికి ఒక ప్రయోగాన్ని చూపిస్తాను. దీన్ని ఎవరూ ప్రయోగశాలలో చేయలేదు, చరిత్రే చేసింది. ఐక్యరాజ్యసమితి ఉన్నందువల్ల న్యూయార్క్‌లో అన్ని దేశాల దౌత్యాధికారులూ ఉంటారు. 1961 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం వారికి శిక్షల నుంచి రక్షణ ఉంది. ఆ ఒప్పందమే, ఉన్న దేశపు చట్టాలను గౌరవించాలని కూడా చెబుతుంది. 1997 నుంచి 2002 వరకు వారు కట్టకుండా వదిలేసిన పార్కింగ్ చలానాలు లక్షా యాభై వేలకు పైగా ఉన్నాయి. రేమండ్ ఫిస్మన్, ఎడ్వర్డ్ మిగెల్ అనే ఆర్థిక శాస్త్రవేత్తలు ఈ లెక్కలను పరిశీలించి 2007లో ప్రచురించారు. కువైట్ దౌత్యాధికారి ఒక్కొక్కరికీ ఏడాదికి సగటున 240కి పైగా చలానాలు! నార్వే, స్వీడన్, జపాన్, కెనడా దేశాల వారికి సున్న. శిక్ష లేకపోయినా నియమం పాటించినవారు ఉన్నారన్నమాట.

అసలు కిటుకు ఆ తర్వాత ఉంది. 2002 చివర్లో, చలానాలు కట్టనివారి దౌత్య నంబరు ప్లేట్లు ఊడబీకే అధికారం నగరానికి వచ్చింది. ఉల్లంఘనలు దాదాపు 98 శాతం తగ్గిపోయాయి. మనుషులు వాళ్ళే, కార్లు అవే, వీధులు అవే. మారింది ఒక్కటే: తప్పుకు తప్పని ఫలితం. స్వభావం మారేదాకా కూర్చోనక్కరలేదని ఇంతకన్నా రుజువేం కావాలి?

ఇక మన సంగతి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 122వ సెక్షను ప్రకారం ఇతరులకు అపాయం, అడ్డు, ఇబ్బంది కలిగేలా బహిరంగ స్థలంలో బండి నిలపకూడదు. హోదాను బట్టి మినహాయింపు ఆ సెక్షనులో కనపడదు. 2017 మే 1 నుంచి రాష్ట్రపతి, ప్రధానమంత్రి కార్ల మీద కూడా ఎర్రబుగ్గ తీసేశారు. బుగ్గ పోయింది గాని స్టిక్కరు మిగిలింది. మా హాస్టల్లో ఒక మిత్రుడి మోటారు సైకిలు మీద 'పోలీసు' అని ఎర్ర నీలం అక్షరాలు మెరుస్తుంటాయి. పోలీసు ఎవరయ్యా అంటే, వాళ్ళ మేనమామట! మేనమామ ఉద్యోగం మేనల్లుడి బండికి ఎలా పాకిందో ఏ శాస్త్రం చెప్పగలదు?

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గాని, ఈ భారం మోసేదెవరో చూడండి. బస్టాపులో ప్రభుత్వ స్టిక్కరు కారు నిలబడితే బస్సు నడిరోడ్డు మీద ఆగుతుంది. కూరగాయల గంప నెత్తిన పెట్టుకున్న అవ్వ, పక్క నుంచి దూసుకొచ్చే బండ్లను తప్పించుకుంటూ బస్సెక్కాలి. అంధ విద్యార్థి ఫుట్‌పాత్ వదిలి రోడ్డు మీదికి దిగాలి. ఆసుపత్రి సందులో అంబులెన్సు ఆగిపోవాలి. వీళ్ళెవరి దగ్గరా అట్టముక్క లేదు.

చేయవలసినవి మూడు. ఉన్న జాగాలను లెక్కపెట్టి, అంతకు మించి పర్మిట్లు ఇవ్వకూడదు. ఏ పర్మిట్ ఏ బండికి, ఎక్కడ, ఏ వేళకు చెల్లుతుందో ఎవరైనా సరిచూసుకునేలా బహిరంగ పరచాలి. చలానా రాసేవాడికి ఎదుటివాడి హోదా చూడవలసిన అవసరం లేకుండా చేయాలి.

మా వైపు చెరువు నీళ్ళు పంచడానికి నీరుగంటి ఉంటాడు. పెద్దరైతు మడి ముందు నిండిందా, చిన్నరైతు మడి ముందు నిండిందా అని కాక, వంతు తప్పిందా లేదా అని చూడడమే అతని ధర్మం. నీరుగంటి మెత్తబడిన ఏడాది ఊళ్ళో తగాదాలు తప్పవు. రోడ్డు కూడా చెరువు లాంటిదే, అందరిదీను. మిత్రులారా! రేపు మనలో కొందరు అధికారులవుతారు, కొందరికి అట్టముక్కలు అందుతాయి. అది పని చేసుకోవడానికి ఇచ్చిన వంతేగాని, పక్కవాడి వంతు తినడానికి ఇచ్చిన హక్కు కాదు.