నూట ఎనభై అని రాసి ఉంటుంది, అరవై వస్తుంది

ఈ మధ్య కౌలాలంపూర్, పెటాలింగ్ జయ వైపు మన తెలుగువాళ్లు నలుగురు కలిస్తే చాలు, మాట ఎక్కడ మొదలైనా కరెంటు కారు దగ్గరికి వచ్చి ఆగుతోంది. 2024 డిసెంబరులో ప్రోటాన్ కంపెనీ ఈ.మాస్ 7 కారును విడుదల చేశాక ఈ చర్చ మరీ ఎక్కువైంది. ధర, రంగు, ఎన్ని సీట్లు అన్నవి పైపై మాటలు. అసలు ప్రశ్న వేరే ఉంది: "దీంతో సుంగై సుమున్ వెళ్లి రావచ్చా?"

బయటి దేశాల పాఠకుల కోసం ఒక్క మాట. సుంగై సుమున్ మలేసియాలో పేరాక్ రాష్ట్రానికి దక్షిణపు కొసన, బాగన్ దాతో రోడ్డు మీద ఉన్న చిన్న ఊరు. కొబ్బరి, రబ్బరు, పామాయిల్ తోటల పనికి వచ్చిన మన పెద్దవాళ్లు స్థిరపడిన ప్రాంతం అది. పిల్లలు ఉద్యోగాలకు పట్నం చేరినా అమ్మానాన్నలు, నానమ్మలు అక్కడే ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. కౌలాలంపూర్ నుంచి బీదోర్, తెలుక్ ఇంతాన్ మీదుగా వెళ్లినా, సముద్రం పక్క సబాక్ బెర్నాం మీదుగా వెళ్లినా రానూ పోనూ మూడు వందల కిలోమీటర్లు దాటుతుంది. పెద్దవాళ్లకు ఒంట్లో బాగా లేదని రాత్రి ఫోను వస్తే ఆ క్షణమే బయలుదేరవలసిన దూరం కూడా అదే. కనుక "20 నిమిషాల్లో చార్జింగ్" అన్న ప్రకటన నిజమా కాదా అన్నది మనకు కాలక్షేపం కబురు కాదు.

నేను వృత్తిరీత్యా ఎలక్ట్రికల్ మనిషిని. మా బంధువర్గంలో ఎవరు కారు కొనాలన్నా ఈ లెక్క నా దగ్గరికి వస్తుంది. పోయిన పండక్కి మా బావమరిది దారిలో ఒక చోట కారు చార్జింగుకి పెట్టి, యంత్రం వైపూ తెర వైపూ మార్చి మార్చి చూసి, "ఏం బావా, యంత్రం మీద 180 అని రాశారు, తెర మీద 62 దాటడం లేదు. పాడైందంటావా?" అని అడిగాడు. పాడవలేదు. అది చెయ్యవలసిన పనే చేస్తోంది. ఎందుకో చెబుతాను.

ముందు రెండు కొలతలు వేరు చేసుకోవాలి. కిలోవాట్ అంటే కరెంటు ఎంత జోరుగా వస్తోందన్నది. యూనిట్ అంటే మొత్తం ఎంత వచ్చిందన్నది, మన ఇంటి కరెంటు బిల్లులో ఉండేదే. 60 కిలోవాట్ల జోరుతో గంటసేపు వస్తే 60 యూనిట్లు. యంత్రం మీద రాసేది మొదటి కొలత. మనం ఇంటికి చేరతామా లేదా అని తేల్చేది రెండోది.

ఇక చార్జింగ్ యంత్రం తనంతట తాను కరెంటు తోయదు. గన్ తగిలించగానే కారూ యంత్రమూ మాట్లాడుకుంటాయి. "నాకు ఇన్ని వోల్టుల దగ్గర ఇన్ని ఆంపియర్లు కావాలి" అని కారు అడుగుతుంది. అంత ఉంటే యంత్రం ఇస్తుంది, లేకపోతే ఉన్నంత ఇస్తుంది. కారు పరిమితి, యంత్రం పరిమితి, ఈ రెండింటిలో ఏది చిన్నదైతే అదే వస్తుంది. బీవైడీ అట్టో 3 పెద్ద బ్యాటరీ కారు గరిష్ఠంగా తీసుకునేది దాదాపు 80 కిలోవాట్లు. దాన్ని 180 యంత్రానికి తగిలించినా, 350 యంత్రానికి తగిలించినా 80 దాటదు. అమెరికాలో 350 అని రాసిన చోట గంటసేపు వరుసలో నిలబడే మిత్రులు ఈ సంగతి గుర్తుంచుకుంటే, పక్కనే ఖాళీగా ఉన్న 150 యంత్రం కనిపిస్తుంది.

యంత్రం మీద అంకెలోనూ ఒక మెలిక ఉంది. కిలోవాట్ అంటే వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చేది. 50 కిలోవాట్ల యంత్రాలు చాలావాటిలో ఆంపియర్ల హద్దు 125. బ్యాటరీ 400 వోల్టుల దగ్గర ఉంటేనే 50 వస్తుంది. 350 వోల్టుల దగ్గర ఉంటే 44కు మించదు. కంపెనీ అబద్ధం ఆడలేదు, తనకు అనుకూలమైన వోల్టు దగ్గర లెక్క కట్టింది.

పంపకం ఇంకోటి. ఒక యంత్రానికి రెండు గన్‌లు ఉన్నప్పుడు చాలాచోట్ల పెద్ద అంకె ఇద్దరికీ కలిపి రాసినదే. 180 యంత్రం దగ్గరికి రెండో కారు రాగానే చెరి 90. అదే 60 యంత్రమైతే చెరి 30. మీరు గన్ పెట్టి కాఫీకి వెళ్తారు, వెనకే ఇంకొకరు వచ్చి రెండో గన్ తగిలిస్తారు, మీ ఫోనులో చూపిన సమయం కాస్తా పెరిగిపోతుంది. పండగ రోజుల్లో జరిగేది సరిగ్గా ఇదే. 2025లో మన ఉగాది మార్చి 30న వస్తే హరిరాయ 31న వచ్చింది. 2026లో కూడా రెండూ ఒకే వారం. దేశమంతా సొంతూళ్లకు కదిలే ఆ రెండు రోజుల్లో రెండో గన్ ఖాళీగా ఉంటుందని ఆశ పెట్టుకోకూడదు.

అన్నింటికంటే ముఖ్యమైన కారణం బ్యాటరీ లోపల ఉంది. పెళ్లి భోజనాల బంతి ఊహించుకోండి. హాలు ఖాళీగా ఉన్నప్పుడు తలుపు తీస్తే జనం గబగబా వచ్చి కూర్చుంటారు. ముప్పాతిక నిండాక వచ్చినవాళ్లు ఖాళీ విస్తరి కోసం వెతుక్కోవాలి. అప్పుడూ అదే జోరుతో లోపలికి తోస్తే తలుపు దగ్గరే తొక్కిసలాట. బ్యాటరీలో లిథియం అయాన్లు గ్రాఫైట్ పొరల మధ్యకు వెళ్లి కూర్చోవాలి. వాటికి చోటు దొరికే లోపే వెనకనుంచి తోస్తే అవి పొరల్లోకి పోకుండా పైనే లోహంగా పేరుకుంటాయి. అలా పేరుకున్న లిథియంలో కొంత మళ్లీ పనికి రాదు, బ్యాటరీ శక్తి శాశ్వతంగా తగ్గుతుంది, మరీ ముదిరితే లోపల షార్ట్ అయ్యే ప్రమాదం కూడా ఉంది. అందుకే నిండే కొద్దీ కారే జోరు తగ్గించుకుంటుంది. మా బావమరిది చూసిన 62 అదే. అప్పటికి బ్యాటరీ డెబ్భై శాతం దాటింది.

ప్రకటనల్లో "10 నుంచి 80 శాతం" అనో "30 నుంచి 80 శాతం" అనో ఎందుకు రాస్తారో ఇప్పుడు తెలిసిపోతుంది. జోరు బాగా ఉండే ముక్క అది. చివరి ఇరవై శాతానికి పట్టే సమయం వాళ్లు చెప్పరు, మనం అడగం. చాలా కార్లకు ఆ ఇరవైకి పట్టే సమయం ముందరి డెబ్భైకి పట్టిన సమయానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది.

అయితే ప్రకటనలోని నిమిషాలను పారేయకండి. ఆ నిమిషాలే మనకు పనికొచ్చే అంకె. చిన్న భాగహారం చేస్తే సగటు జోరు బయటపడుతుంది. హ్యుందాయ్ అయోనిక్ 5లో 72.6 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారుకు 350 యంత్రం మీద 10 నుంచి 80కి 18 నిమిషాలు అన్నారు. డెబ్భై శాతం అంటే సుమారు 51 యూనిట్లు. సగటు 170 కిలోవాట్లు. అంటే 350 అన్న అంకెలో సగం కంటే తక్కువ, అయినా ప్రపంచంలో మంచి వేగాల్లో అదొకటి. హైదరాబాదులో మనవాళ్లు విరివిగా కొన్న టాటా నెక్సన్ 40.5 యూనిట్ల కారుకు అదే 10–80 ముక్కకు 56 నిమిషాలు అన్నారు. సగటు 30. ప్రోటాన్ ఈ.మాస్ 7 పెద్ద బ్యాటరీ 60.22 యూనిట్లు, గరిష్ఠం 100 కిలోవాట్లు, 30 నుంచి 80కి 20 నిమిషాలు అన్నారు. అంటే 30 యూనిట్లు మూడో వంతు గంటలో, సగటు 90. గరిష్ఠానికి ఇంత దగ్గరగా సగటు రావడం మెచ్చుకోదగినదే. కానీ ఆ 30 యూనిట్లే ఒంటరిగా దొరికిన 60 యంత్రం మీద అయితే కనీసం 30 నిమిషాలు. 44 మాత్రమే ఇచ్చే 50 యంత్రం మీద 41 నిమిషాలు. ఇంకొకరితో పంచుకున్న 60 యంత్రం మీద గంట. కారు అదే, బ్యాటరీ అదే, ప్రకటన అదే.

ఏసీ స్తంభాల దగ్గర ఇంతకంటే పెద్ద భ్రమ ఉంది. షాపింగ్ మాల్స్‌లో 22 కిలోవాట్లు అని రాసి ఉంటుంది. ఏసీని డీసీగా మార్చే పని కారులోని చిన్న చార్జర్‌ది. అది 7 కిలోవాట్లదైతే వచ్చేది 7 మాత్రమే. ప్రభుత్వం 2025 నాటికి పెట్టుకున్న పదివేల చార్జింగ్ పాయింట్ల లక్ష్యంలో తొమ్మిది వేలు ఏసీవే అన్నది కూడా గమనించాలి. పాయింట్ల సంఖ్య చూసి దారిలో దొరికే వేగాన్ని అంచనా వెయ్యలేం.

వేడి సంగతి చెప్పకపోతే మలేసియా వ్యాసం కాదు. టొరంటో, షికాగో మిత్రులకు చలికాలంలో బ్యాటరీ గడ్డకట్టినట్లై చార్జింగ్ సగానికి పడిపోతుంది. మనకు ఆ బాధ లేదు. మన కష్టం ఎండలో గంటన్నర హైవే మీద పరిగెత్తి వచ్చిన బ్యాటరీకి వెంటనే ఇంకా వేడి ఎక్కించడం. ద్రవంతో చల్లబరిచే కార్లు దీన్ని తట్టుకుంటాయి. 2019లో ఇక్కడికి వచ్చిన 40 యూనిట్ల నిస్సాన్ లీఫ్‌లో అటువంటి ఏర్పాటు లేదు. ఆ కారుకు ఒకే రోజు రెండోసారి వేగంగా చార్జింగ్ పెడితే జోరు బాగా పడిపోతోందని బ్రిటన్‌లో గోల జరిగింది. అక్కడి ప్రకటనల ప్రమాణాల సంస్థ 2018 జూన్‌లో ఆ కారు చార్జింగ్ సమయంపై ఇచ్చిన ప్రకటనను తప్పుదోవ పట్టించేదిగా తేల్చింది. పాత లీఫ్ చవగ్గా వస్తోందని ఎవరైనా ఊరి ప్రయాణానికి కొనదలిస్తే ఈ సంగతి ముందు తెలుసుకోవాలి. దాని గన్ కూడా వేరే రకం, చాడెమో.

సరే, సుంగై సుమున్ లెక్కకు వద్దాం. హైవే మీద నలుగురు మనుషులు, ఏసీ, సామాను ఉంటే వంద కిలోమీటర్లకు 18 యూనిట్లు వేసుకోండి. 320 కిలోమీటర్లకు 58 యూనిట్లు. 60 యూనిట్ల బ్యాటరీతో ఇది కాగితం మీద సరిపోయినట్టే ఉంటుంది, కానీ రెండు యూనిట్లు మిగుల్చుకుని ఎవరూ ఇంటికి రారు. కంపెనీ చెప్పే 410 కిలోమీటర్లు ప్రమాణ పరీక్షలో వచ్చిన అంకె, హైవే అంకె కాదు. కాబట్టి ఎక్కడో ఒకచోట 15, 20 యూనిట్లు ఎక్కించుకోవాలి. హైవే దిగి తెలుక్ ఇంతాన్ వైపు తిరిగాక వేగపు యంత్రాలు పలచబడతాయి కనుక అందరూ హైవే మీదే ఎక్కించుకోవాలని చూస్తారు, వరుస అక్కడే పెరుగుతుంది.

నా సలహా మాత్రం నానమ్మ ఇంటి గోడకున్న మామూలు మూడు పిన్నుల ప్లగ్గు. వెక్కిరించకండి. 10 ఆంపియర్లు, 230 వోల్టులు అంటే 2.3 కిలోవాట్లు. రాత్రి పదికి పెట్టి ఉదయం ఎనిమిదికి తీస్తే 23 యూనిట్లు. దారిలో పోయేది పోగా 20 బ్యాటరీకి చేరతాయి. సరిగ్గా మనకు తక్కువైనవే అవి. 180 యంత్రం దగ్గర వరుసలో గంట నిలబడి తెచ్చుకునేదాన్ని నిద్రపోతూ తెచ్చుకోవచ్చు, వేగపు చార్జింగ్ ధరలో సగం కూడా కాదు. రాత్రి ఒంటిగంటకు ఫోను వచ్చి పరుగెత్తినప్పుడు కూడా ఇదే లెక్క: రోజూ మీ ఇంటి దగ్గర ఎనభై శాతం దాకా నింపి ఉంచుకుంటే, వెళ్లే దారిలో ఆగే పని లేదు. తిరుగు ప్రయాణానికి ఊళ్లో రాత్రి ప్లగ్గు ఉంది.

ఒక్క షరతు. పాత ఇళ్ల వైరింగ్ ఫ్యాను, టీవీ, బియ్యం కుక్కర్ కోసం వేసినది. పది గంటలపాటు ఆగకుండా పది ఆంపియర్లు లాగితే సన్నని తీగలు, వదులైన ప్లగ్గులు వేడెక్కి కాలతాయి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఎట్టి పరిస్థితిలోనూ పెట్టవద్దు. లైసెన్సు ఉన్న వైర్‌మ్యాన్‌ని పిలిచి మీటరు బోర్డు నుంచి కారు నిలిపే చోటికి విడిగా ఒక లావు లైను, దానికి సొంత బ్రేకర్, లీకేజీ కరెంటును పట్టే రక్షణ, మంచి ఎర్త్ వేయించండి. దీనికయ్యే ఖర్చు కారు ధర ముందు లెక్కలోకి రాదు. అన్నదమ్ములు నలుగురూ తలా కొంత వేసుకుంటే సరిపోతుంది, పండక్కి ఎవరి కారు ఏ రాత్రి పెట్టాలో మాత్రం ముందే మాట్లాడుకోవాలి.