ఏమియు తేగూడని యాత్ర

తీర్థయాత్రకు పోయివచ్చినవారు ప్రసాదమో, గంగాజలమో, పిల్లలకు గాజులో, బొమ్మలో తెచ్చుట మన యాచారము. రిక్తహస్తములతో ఇల్లు చేరిన యాత్రికుని జూచి ఇరుగుపొరుగువారు "ఏమి తెచ్చితిరి?" అని యడుగక మానరు. అయితే సోదరీమణులారా! ఏమియు తేగూడదు, ఏమియు విడిచి రాగూడదు, తుదకు చెప్పున నంటిన గడ్డిగింజనైనను వెంట గొనిపోగూడదు అను నియమముతో సాగు యాత్ర యొకటి ఈ భూమిపై గలదు. అది న్యూజీలాండు దేశమునకు దక్షిణమున, మహాసముద్ర మధ్యమునందలి నిర్జన ద్వీపములకు చిన్న నౌకలలో జరుగు యాత్ర. మనలో ఆ యాత్ర చేయగలవారు మిక్కిలి యరుదు. దానికగు వ్యయము సామాన్య గృహస్థునకు అందునది కాదు. ఐనను ఆ దీవుల కథ ప్రతి గృహిణియు తెలిసికొనదగినదని తోచి ఇది వ్రాయుచున్నాను.

ప్రపంచపటమున ఆస్ట్రేలియాకు ఆగ్నేయముగా చూచినచో న్యూజీలాండు కానవచ్చును. అందలి దక్షిణ దీవికి నైరృతి మూలయే ఫియోర్డ్‌లాండ్ అను సీమ. పూర్వకాలమున పర్వతములపై పేరుకొన్న మంచు నదివలె మెల్లగా జారుచు, కొండలను లోతుగా దొలిచెను. ఆ మంచు కరగిపోయినపిదప సముద్రము ఆ లోయలలోనికి చొచ్చుకొని వచ్చెను. ఇట్టి యిరుకైన, లోతైన సముద్రపు పాయలకే ఫియోర్డులని పేరు. పాపికొండల నడుమ గోదావరిని పడవపై జూచినవారు, ఆ కొండలను పెక్కురెట్లు పెంచి, నీటినుండి నిలువుగా లేచినట్లు భావించుకొన్నచో వీని రూపము కొంత మనస్సునకు తట్టును. మిల్‌ఫర్డ్ సౌండ్ అను ఫియోర్డు ప్రక్కన మైటర్ శిఖరము నీటియంచునుండి ఇంచుమించు 1,690 మీటర్ల యెత్తు లేచియున్నది. అచ్చట ఏటికి ఆరు మీటర్లకు మించిన వాన కురియును. వాన వెలసిన గడియలో కొండల పొడవునను వందలకొలది జలపాతములు దూకుచుండును.

ఆ వాననీరు అడవినేలలోని ఆకుల కషాయమును కలుపుకొని, తేనీరువంటి రంగుతో సముద్రపు నీటిపై ఒక పొరగా తేలియాడును. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు గనుక రెండును వెంటనే కలియవు. ఆ పొర వెలుతురును అడ్డగించుటచే, మిగిలినచోట్ల గాఢసముద్రమున బ్రతుకు నల్లపగడపు చెట్లు ఇచ్చట పది మీటర్ల లోతుననే పెరుగుచున్నవి. నల్లపగడమని పేరేగాని, బ్రతికియున్నపుడు అది తెల్లగనే యుండును. లోనియెముక మాత్రమే నలుపు.

1770వ సంవత్సరమున కుక్ అను ఆంగ్ల నావికుడు ఇందొక ఫియోర్డు ముఖద్వారమును జూచి, లోనికి బోయినచో మరల వెలికి వచ్చుటకు గాలి యనుకూలించునో లేదో యను సందేహమున ప్రవేశింపక దానికి సందేహపు రేవు అను నర్థము గల పేరిడెను. నేటికిని దానిని డౌట్‌ఫుల్ సౌండ్ అనియే పిలుచుచున్నారు. 1773లో అతడే డస్కీ సౌండ్ అను మరియొక ఫియోర్డున నౌకను నిలిపి కొన్ని వారములు విశ్రమించెను. నక్షత్రములను పరిశీలించుటకై అప్పుడు అతని మనుష్యులు నఱకిన చెట్ల మొద్దులు రెండువందల యేబది యేండ్లు దాటినను ఇంకను కానవచ్చుచున్నవి. అతిథి విడిచిన గుర్తు ఎంతకాలము నిలుచునో చూడుడు!

చెట్టు మొద్దు ఎవ్వరిని బాధింపదు. కాని మనుష్యుని వెంట వచ్చిన జంతువులు అట్టివి కావు. న్యూజీలాండున గబ్బిలములు దప్ప భూమిపై తిరుగు క్షీరజంతువులు స్వభావముగా లేవు. కావున అచ్చటి పక్షులు పెక్కు ఎగురుట మాని, నేలపైననే గూడు గట్టుకొని నిశ్చింతగా నుండెడివి. వలసవచ్చినవారు వేటకును కూరకును కుందేళ్లను తెచ్చిరి. అవి పెరిగి పచ్చికనెల్ల తినివేయగా, వానిని చంపుటకు 1880 తరువాతి యేండ్లలో ముంగిసను బోలిన స్టోట్ అను మాంసాహార జంతువును తెచ్చిరి. ఎలుకలున్నవని యింటికి నిప్పు బెట్టుకొన్నట్లయినది. స్టోట్లు కుందేళ్లను విడిచి, పారిపోనేరని పక్షులను పట్టుకొన దొడగెను.

ఈ యాపదను ముందుగా గుర్తించినవారిలో రిచర్డ్ హెన్రీ యొకడు. ప్రభుత్వము 1894లో అతనిని డస్కీ సౌండులోని రిజొల్యూషన్ దీవికి సంరక్షకునిగా నియమించెను. అతడు చిన్న పడవలో, వానలో, చలిలో ప్రధానభూమికి పోయి, కాకాపో అను ఎగురలేని ఆకుపచ్చ చిలుకలను, కివీ పక్షులను వందలకొలదిగా పట్టి తెచ్చి దీవిపై విడిచెను. ఆరేండ్లు ఆ తపస్సు సాగెను. 1900లో స్టోట్ ఆ దీవిపై కానవచ్చెను. అది ఈదుకొనివచ్చినదే. హెన్రీ శ్రమయంతయు బూడిదలో పోసిన పన్నీరయినది. ఐనను అతడు చూపిన మార్గము వృథ కాలేదు. ప్రమాదము లేని దీవికి పక్షిని చేర్చి కాపాడుట యను ఉపాయముననే నేడు కాకాపో జాతి బ్రతికి, రెండు వందలకు పైగా నున్నది. అందు కొన్ని ఆ డస్కీ సౌండులోనే ఆంకర్ దీవిపై నివసించుచున్నవి.

ఫియోర్డులు దాటి దక్షిణమునకు బోయినచో మహాసముద్రమే. అచ్చటి గాలులకు అడ్డుపడు భూమి లేదు. స్నేర్స్, ఆక్లండ్, క్యాంప్‌బెల్ మొదలగు దీవులు అందు చెదరిన ముత్యములవలె నున్నవి. క్యాంప్‌బెల్ దీవి బ్లఫ్ అను రేవునకు 700 కిలోమీటర్ల దూరమున గలదు. ఏడాదిలో మున్నూరు దినములకు పైగా అచ్చట వాన పడును. ఈ దీవులలో నెవ్వరును కాపురముండరు. 1998లో వీనిని ప్రపంచ వారసత్వ స్థలములుగా నిర్ణయించిరి. ఆ దిక్కున ఎండకాలమైన నవంబరు మొదలు ఫిబ్రవరి వఱకు కొన్ని నౌకలు మాత్రమే అనుమతి పొంది పోవుచుండును. ఒక్కొక్క నౌకలో ఒకటి రెండు పెండ్లి బస్సులలో పట్టునంతమందియే యుందురు. పెద్ద నౌకలు పోవు చోట్లు కావవి. రేవుకట్టలు లేవు, పూటకూళ్ల యిండ్లు లేవు. నౌకను దూరమున నిలిపి, గాలి నింపిన రబ్బరు పడవలలో పదిమంది చొప్పున ఒడ్డు చేరవలెను.

దిగుటకు ముందురోజు నౌకపై జరుగు పని వింటిరేని నవ్వు వచ్చును. చదువుకొన్న పెద్దమనుష్యులందఱును కూర్చుండి, చెప్పుల అడుగులను బ్రష్షులతో రుద్దుచు, జేబుల మూలలను, సంచుల కుట్లను త్రవ్వి, గడ్డిగింజలను, మట్టిరేణువులను ఏరుచుందురు. పిదప చెప్పులను మందునీటిలో ముంచవలెను. కాళ్లు కడుగుకొని లోనికి రమ్మనుట మన యిండ్ల యాచారమే గదా! ఇచ్చట ఇంటి యజమానులు పక్షులు. అవి చెప్పలేవు గనుక ప్రభుత్వమువారి ప్రతినిధి యొకడు వెంట నుండి చెప్పును. ఒడ్డున భోజనపు ముక్క పడవేయరాదు, పూవు కోయరాదు, రాయి తీయరాదు. పక్షి దారికి అడ్డముగా నిలువరాదు. నడచుటకు వేసిన చెక్కబాటను విడువరాదు.

మొదట తగులు స్నేర్స్ దీవులను 1791 నవంబరు 23వ తేదీన ఇద్దఱు నావికులు, వాంకూవర్, బ్రాటన్ అనువారు, ఒకరి సంగతి యొకరికి తెలియకయే కనుగొనిరి. ఈ దీవులపై ఎలుకగాని పిల్లిగాని నేటివఱకు కాలిడలేదు. కావుననే యాత్రికులను అచ్చట దిగనీయరు. పడవలో చుట్టును తిరిగి, రాతిపై బారులుదీరి నడచు పెంగ్విను పక్షులను, సంధ్యవేళ ఆకసమును కప్పుచు గూళ్లు చేరు లక్షలకొలది సముద్రపక్షులను చూచి మరలవలసినదే. ఈ స్నేర్స్ పెంగ్వినులు లోకమున మఱెచ్చటను పిల్లలు పెట్టవు. శ్రీమద్రామాయణమున మైనాకుడు సముద్రమునుండి లేచి విశ్రమింపుమని ప్రార్థించినపుడు, ఆంజనేయుడు చేతితో స్పృశించి, ఆదరమునకు సంతసించి, ఆగక సాగిపోయెను. దిగకపోవుటయు గౌరవమే యగునని ఆ ఘట్టము మనకు నేర్పుచున్నది.

తరువాత ఆక్లండ్ దీవులు. రాటా యను చెట్లు గాలికి వంగి, వేసవిలో ఎఱ్ఱని పూలు రాల్చుచు, నేలపై కుంకుమ చల్లినట్లు చేయును. ఆ సుందరభూమిపైననే 1866లో జనరల్ గ్రాంట్ అను నౌక కొండగుహలో జొచ్చి మునిగెను. నౌకలోని 83 మందిలో ఒడ్డు చేరినది 15 మంది. వారిలో మేరీ ఆన్ జ్యూవెల్ అను ఒక్కతే స్త్రీ. నిప్పు ఒకసారి రాజుకొన్నపిదప ఆరనీయక రాత్రింబవళ్లు కాచికొనుచు, సీలు మాంసము తినుచు, సీలుతోళ్లనే వస్త్రములుగా కుట్టి తొడుగుకొనుచు వారు పదునెనిమిది నెలలు గడపిరి. సహాయమునకై నలుగురు చిన్న పడవపై బయలుదేరి మరల రాలేదు. ఒకరు జబ్బుచే మరణించిరి. 1867 నవంబరులో ఒక నౌక కంటబడి మిగిలిన పదిమందిని ఒడ్డు చేర్చెను. వారిలో మేరీ ఆన్ యును కలదు. పొయ్యిలో నిప్పు దాచుట మన పూర్వపు గృహిణులకు నిత్యకృత్యము. ఆ నిప్పు విలువ ఆమెకు తెలిసినంతగా మఱెవ్వరికి తెలియును?

ఇట్టి యాపదలు మరల రాకుండుటకై అప్పటివారు ఆ దీవులలో బట్టలు, ఆహారము, అగ్గిపుల్లలు గల గిడ్డంగులను కట్టి, దారి చూపు గుర్తులు నాటిరి. తన నౌక తనకుండగా ఆ పెట్టెను తెఱచువానికి విధవల, తండ్రిలేని బిడ్డల శాపము తగులునని యొకచో వ్రాసి పెట్టిరట. అక్కఱలేనివాడు ముట్టరాదను ధర్మము అంత గట్టిగా చెప్పవలసివచ్చినది. ఓడ పగిలినవారికి ఆహారమగునని మేకలను, పందులను, కుందేళ్లను కూడ విడిచిరి. ఆ దయ దీవులకు కీడాయెను. అవి అచ్చటి మొక్కలను నాశనము చేసెను. ఎండర్బీ అను చిన్న దీవినుండి పశువులను, కుందేళ్లను 1993 నాటికి తొలగించిన తరువాతనే పచ్చదనము మరల కోలుకొన్నది. అచ్చటి ఇసుకతీరమున సముద్రసింహములు పిల్లలను కనుచుండును.

క్యాంప్‌బెల్ దీవి చరిత్ర మఱియు గొప్పది. 1810లో ఆ దీవి తెలిసిన వెంటనే సీలువేటకాండ్రు వచ్చి కొద్దికాలములో సీళ్లను తుడిచిపెట్టిరి. వారి నౌకలనుండి ఎలుకలు దిగెను. తరువాత గొఱ్ఱెలను మేపిరి. మన దేశపు మొక్కలను గూర్చి మహాగ్రంథము వ్రాయించిన హూకరు 1840లో యువకుడుగా ఈ దీవులను దర్శించి, విస్తరాకులంత యాకులు గల పూలమొక్కలను వర్ణించెను. గొఱ్ఱెల నోటబడి అవి క్షీణించెను. ఎగురలేని ఒక గోధుమవన్నె బాతు పూర్తిగా నశించినదని తలచిరి. 1975లో ప్రక్కనున్న చిన్న డెంట్ దీవిపై అది కొన్నిటితో బ్రతికియున్నట్లు తెలిసెను. వానిలో కొన్నింటిని తెచ్చి పెంచిరి. ఏండ్ల తరబడి గ్రుడ్డు పెట్టక బెంగపెట్టినవి, తుదకు పిల్లలను చేసెను. 2001 చలికాలమున హెలికాప్టర్లతో 120 టన్నుల విషపుటెర చల్లి, రెండేండ్లు వేచి, 2003లో కుక్కలచే వెదకించిరి. ఒక్క ఎలుకయు కనబడలేదు. 2004లో బాతులు స్వగృహము చేరెను. సమీపపు రాతిదీవియందు దాగియున్న ఒక చిన్న ఉల్లంకిపిట్ట పిలువకయే తానుగా మరల వచ్చినది. గొఱ్ఱెలను పూర్తిగా తొలగించుటతో హూకరు చూచిన పూలు మరల కొండలనిండ పూచుచున్నవి.

ఆ పూల నడుమ రాయల్ ఆల్బట్రాస్ అను మహాపక్షి గూడు పెట్టుకొనును. రెక్కలు చాచినచో పది అడుగులు. ఆడ మగ జీవితమంతయు జతగా నుండి, రెండేండ్లకొకసారి ఒకే గ్రుడ్డు పెట్టును. ఇంచుమించు ఎనుబది దినములు ఇరువురును వంతులవారీగా పొదుగుదురు. పిల్ల ఎగురుటకు ఎనిమిది నెలలు పట్టును. భర్త తానొక పాలు పంచుకొనని కాపురములు మనలో నెన్ని! యాత్రికులు చెక్కబాటపై కూర్చుండి, మాటాడక, ఈ దంపతులను చూచుచుందురు.

ఇట్టి చోటులకు మనుష్యులు పోనేల? దూరముననుండియే కాపాడరాదా? అని కొందఱందురు. ఆ మాట కొట్టివేయదగినది కాదు. ప్రతి అడుగును కొంత నేలను నలుపును, ప్రతి నౌకయు కొంత పొగ విడుచును. ఐనను చూచినవారే సాక్షులు. ఎలుకల నిర్మూలనమునకు ప్రజాధనము ఖర్చు చేయుమని చెప్పుటకు, ఆ దీవిని ప్రేమించువారు కొందఱుండవలెను. ఆ కొందఱు మాత్రమే యుండవలెను. వారు వేలకొలదియైన నాడు ఆ ప్రేమయే ద్రోహమగును. ఈ యాత్రకు ప్రాణము దాని చిన్నతనము.

సోదరీమణులారా! మనము క్యాంప్‌బెల్ దీవికి పోకపోయినను పుష్కరములకు, కొండలకు, సముద్రస్నానములకు పోవుచునేయున్నాము. నదీతీరమున విడిచిన ప్లాస్టికు సంచులు, గుడి కోనేటిలో పారవేసిన ఆకులు ఎవరు తీయుదురని యొక్కనాడైన ఆలోచించుచున్నామా? పెద్దలు వచ్చిన యతిథిని పూజింపుమనిరి. ఆ ధర్మమునకు రెండవ సగము అతిథియైనవాడు ఆ యింటిని కాపాడుట. ఈసారి పిల్లలతో తీర్థమునకు పోవునపుడు సంచిలో ఒక ఖాళీ సంచియు పెట్టుకొనుడు. మన చెత్త మనతోనే ఇల్లు చేరవలెను.