మన రేవుల నీరు

కృష్ణకును తుంగభద్రకును నడుమ నున్న నేలను నడిగడ్డ యందురు. గద్వాల, అలంపురములు అచటివి. కృష్ణను దాటి ఉత్తరపుటొడ్డునకు వచ్చినచో వనపర్తి. నది వెంబడి తూర్పునకు సాగినచో కొల్లాపురము, సోమశిల, ఆవల నల్లమల యడవులు. అది నాగర్‌కర్నూలు సీమ. 2016 అక్టోబరు 11వ తేదీ వరకు ఇవి యన్నియు మహబూబ్‌నగరు జిల్లాలోనివే. నేడు జిల్లాలు వేరైనవి, కచేరీలు వేరైనవి. గద్వాల రేవున పారిన నీరే మరునాడో మూడవనాడో సోమశిల రేవును చేరుచున్నది.

పాలమూరు పేరు చెప్పగనే కరవును వలసకూలీలును జ్ఞప్తికి వత్తురు. రెండు మహానదులు కనులయెదుట పారుచుండగా చేనికి నీరు లేకుండుట ఈ సీమవారి తరతరముల దుఃఖము. కనుకనే ఇచట నీటి మాట యనిన వాటాల మాటయే. రాజోలిబండ కాలువ క్రింద 87,500 ఎకరములకు రావలసిన దెంత, వచ్చిన దెంత. జూరాలలో నిలిచిన దెంత, దిగువకు విడిచిన దెంత. ఈ లెక్కలు పొలము గట్టున కూర్చున్న ముసలివారికి సైతము కంఠపాఠము. 1969లో బచావత్ న్యాయమూర్తి అధ్యక్షతను, 2004లో బ్రిజేష్ కుమార్ న్యాయమూర్తి అధ్యక్షతను ఏర్పడిన ట్రిబ్యునళ్ళు కృష్ణాజలములను రాష్ట్రముల నడుమ పంచుటకై కూర్చున్నవి. పంపకము న్యాయముగా జరుగవలయు ననుటలో మాకు భేదాభిప్రాయము లేదు. కాని, ఎంత నీరు అను ప్రశ్నకు ఇందరు న్యాయాధిపతు లుండగా, ఎట్టి నీరు అను ప్రశ్న మాత్రము బిందె చంకనిడుకొని రేవునకు పోవు స్త్రీ కొక్కతెకే మిగిలినది.

2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారు దేశమునందలి నదులలో చెడిన భాగములను 351గా లెక్కించిరి. అందు తెలంగాణమున కృష్ణానది తంగడి మొదలు వాడపల్లి వరకు చేరినది. అనగా మన మూడు జిల్లాలను తాకుచు పోవు కృష్ణ యంతయు నందు పడినదన్నమాట. ఆంధ్రప్రదేశమున మంత్రాలయము మొదలు బావాపురము వరకు తుంగభద్రయు చేరినది. ఈ లెక్క కట్టు విధము గృహిణులకు తెలియరానంత కఠినమైనది కాదు. నీటిలో కుళ్లు చేరినచో దానిని తినుటకు సూక్ష్మజీవులు పెరుగును. అవి నీటిలోని ప్రాణవాయువును పీల్చివేయును. ఒక లీటరు నీటిలో అట్లు ఖర్చగు ప్రాణవాయువు 3 మిల్లీగ్రాములు దాటినచో ఆ నీరు స్నానమునకు సైతము తగదని మండలివారి నియమము. త్రాగుట మాట అటుండనిండు. పుష్కరములకు మూటాముల్లె కట్టుకొని పోయి మునుగుటకును తగదు.

కృష్ణ ఇంకను మూసీవలె నల్లబడి పోలేదు. అందువలననే ఈ మాట ఇప్పుడు చెప్పుచున్నాము. పూర్తిగా చెడిన నదిని బాగుచేయుటకు వేలకోట్లు కావలయును. చెడుటకు మొదలిడిన నదిని నిలుపుటకు ముందుగా కావలసినది మనుష్యుల కలయిక.

కొందరు సోదరీమణులు, "ఇప్పుడు ఇంటింటికి కుళాయి వచ్చినది గదా, రేవుతో మన కేమి పని?" యని యడుగుదురు. కుళాయిలో వచ్చునది మాత్రమెక్కడిది? మిషన్ భగీరథ పథకమునకు కొల్లాపురము చెంత ఎల్లూరున తోడుచున్నది కృష్ణ నీరే. శుద్ధి యంత్రములు బురదను తీయును, క్రిములను చంపును. కర్మాగారముల రసాయనము లన్నిటిని తీయుట వాని తరము కాదు.

పూర్వము మనవారు నదీజలమును శుద్ధిచేసికొన్న విధము చెలమ. వేసవిలో వాగెండినపుడు ఇసుకలో మూరెడు గుంట త్రవ్విన చాలును, అడుగున నీరు ఊరును. మొదటి నీరు చల్లివేసి, తేటపడిన పిమ్మట కొబ్బరిచిప్పతోనో చెంబుతోనో ముంచి బిందెలో పోసికొనెడివారు. అడుగుల లోతు ఇసుకయే ఆ నీటికి వడపోతగుడ్డ. షాద్‌నగరు దిక్కునుండి వచ్చి కల్వకుర్తి ప్రాంతమున పారు దుందుభి వాగు ఇట్టి చెలమలకు పెట్టినపేరు. ఆ దుందుభియే దిండి యను పేరుతో నల్లమల ప్రక్కగా పోయి కృష్ణలో కలియును. ఇండ్లు కట్టుటకై ఆ ఇసుక లారీల కెక్కినది. ఇసుక పోయిన వాగులో చెలమ యెట్లూరును? చుట్టుపట్ల బావులలోని నీరును దానితోడనే దిగిపోవును. బోరు మరికొంత లోతునకు దింపినచో పాలమూరు నేలలో పైకి వచ్చునది ఫ్లోరైడు. బిడ్డల పండ్లు పచ్చబడుటయు, పెద్దల మోకాళ్లు వంగుటయు దానివలననే.

వనపర్తి సంస్థానాధీశులు త్రవ్వించిన చెరువులను గూర్చి ఎంత చెప్పినను తక్కువయే. చెరువులకు సముద్రములని పేరు పెట్టుకొన్న సీమ యది. శ్రీరంగాపురమున రంగనాయకస్వామి గుడికి మూడు ప్రక్కల కనిపించు రంగసముద్రమును చూడని వారు చూడదగును. 1949లో పునాదివేసి 1959లో పూర్తిచేసిన సరళాసాగరమునకు రాజా రామేశ్వరరావుగారు తమ తల్లి సరళాదేవి పేరు పెట్టిరి. నీరు నిండగానే మనుష్యుడు తలుపెత్త నక్కరలేకుండ సైఫన్లు తమంతట తామే నీటిని వెలికి త్రోయు విచిత్రమైన కట్టడమది. దాని కట్ట 2019 డిసెంబరు 31న తెగినది, మరల కట్టిరి. ఒక చెరువు అలుగు పారినచో దిగువ చెరువు నిండును. ఈ గొలుసులో పై చెరువున పడిన మురికి క్రింది చెరువునకు రాకమానదు. మన ఇండ్ల సబ్బునీరు, మరుగుదొడ్ల నీరు, రంగులు పూసిన ప్లాస్టరు విగ్రహములు, అన్నియు దిగిపోవుచునే యుండును. బతుకమ్మను సాగనంపు నాడు తంగేడు, గునుగు పూలు చెరువున కే కీడును చేయవు. ఆ పూలతోబాటు మనము వదలు ప్లాస్టికు పళ్లెములను గూర్చియే మా బెంగ.

గద్వాల చీరయును ఇచట చెప్పదగినదే. నూలు చీరకు పట్టుకొంగును పట్టంచును జోడించి నేయు ఆ పనితనమును మెచ్చని తెలుగు ఇల్లాలు లేదు. నూలునకు రంగెక్కింపవలె ననిన పలుమారులు తేటనీట ఉడుకుతోపాటు ఉతుకును కావలయును. ఆ రంగునీరు తుదకు మురుగు కాలువ పాలగును. పరులను నిందించునపుడు మన పెట్టెలోని చీరల మాటయు మరువరాదు.

తుంగభద్ర మనకడకు వచ్చునప్పటికే చాల దూరము నడచినది. షిమోగా చెంత కూడ్లిలో తుంగయు భద్రయు కలియును; హరిహరము, హొస్పేట, కంప్లి, మంత్రాలయము దాటి, రాజోలి ప్రక్కగా పోయి, కర్నూలు మురికిని కొంత మోసి అలంపురము చేరును. హరిహరమున రేయాను గుజ్జు చేయు కర్మాగారపు నీటివలన చేపలు చచ్చుచున్నవని 1980 ప్రాంతపు దశకములో తీరగ్రామములవారు మొరపెట్టగా, ధారవాడలోని సమాజ పరివర్తన సముదాయమువారు వారితో కూడి చిరకాలము పోరాడిరి. 2024 నవంబరులో 'నిర్మల తుంగభద్ర అభియానము' పేర శృంగేరి నుండి నది వెంబడి పాదయాత్ర బయలుదేరెను. ఆ యాత్ర మాట మన అలంపురపు రేవులలో ఎందరు వినిరో! భాష వేరు, రాష్ట్రము వేరు. కాని వారు ఎగువన అడ్డగింపలేని మురికి మన గుమ్మమునకే వచ్చును.

ఇట్టి కలయిక మన సీమలో ఒకమారు ఫలించినది. 2019 మే నెలలో కేంద్ర అటవీ సలహా సంఘమువారు నల్లమలలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియము కొరకు అన్వేషణ జరుపుటకు సూత్రప్రాయముగా అంగీకరించిరి. అది అమ్రాబాదు పులుల అభయారణ్యము; చెంచువారి పెంటలున్న చోటు. వేలకొలది బోరురంధ్రములు వేయుదు రన్న వార్త వ్యాపించెను. రాతి పొరలను చీల్చిన రంధ్రములగుండ భూగర్భజలము కలుషితమగుననియు, అది దిండిలోనికి, కృష్ణలోనికి దిగుననియు జనులు భయపడిరి. ఆ కృష్ణనే నాగార్జునసాగరమునుండి హైదరాబాదువారు త్రాగుచున్నారు. అందువలన ఆ భయము అడవిలోనే నిలిచిపోలేదు. చెంచులు, అమ్రాబాదు, పదర రైతులు, అచ్చంపేట వర్తకులు, విద్యార్థులు, ఆచార్యులు, వైరిపక్షముల నాయకులు, చలనచిత్ర నటులు సైతము ఒక్క మాటపై నిలిచిరి. బందులు జరిగెను; రహదారులపై బైఠాయించిరి. ఆ సంవత్సరము సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ, యురేనియము త్రవ్వకము వలదని కేంద్రమును కోరుచు ఏకగ్రీవముగా తీర్మానించెను. నాలుగు నెలలలో ఇంత జరుగుటకు కారణ మేమి? నీరు త్రాగు పట్టణవాసియు, నీటి పుట్టుచోట నున్న చెంచెతయు తమది ఒక్కటే బిందె యని గుర్తించుటయే యని మా యభిప్రాయము.

రాజోలి మండలము పెద్దధన్వాడలో జరిగినది వేరొక తీరు. తుంగభద్రకు చేరువ నున్న ఆ యూరి పొలములలో ఇథనాలు కర్మాగారము కట్టబూనిరి. ఇథనాలనగా ధాన్యమును పులియబెట్టి బట్టీపట్టి తీయు సారాయము. పెట్రోలులో కలుపుటకు దానిని వాడుదురు. బట్టీపట్టగా మిగులు కుడితివంటి నీటిలో కుళ్లు మిక్కుటము. ఒక్క చుక్కయు బయటికి పోనీయక మరల వాడుకొందు మని కర్మాగారములవారు చెప్పుదురు. అట్లు చెప్పిన ఇథనాలు కర్మాగారములకు బహిరంగ విచారణ అక్కరలేకుండ 2021 జూన్ 16న కేంద్రప్రభుత్వము నియమమును సడలించెను. మా మనస్సునకు మిక్కిలి కష్టము కలిగించునది ఇదియే. ఊరివారిని పిలిచి, "మీ పొలము ప్రక్కన ఇది కట్టుచున్నాము, మీరేమందురు?" అని యడుగు వేదికయే పోయినది. అడుగకపోయినచో జనులు చెప్పవలసినది ఎక్కడ చెప్పుదురు? డేరాల క్రింద కూర్చుండి చెప్పిరి. చుట్టునున్న గ్రామములవారు కూడి నిరసనదీక్షలు సాగించిరి, స్త్రీలును పాల్గొనిరి. 2025 జూన్ 4న పనులు మొదలిడబోగా ఘర్షణ జరిగి రైతులు నిర్బంధింపబడిరి. వారిని బేడీలతో అలంపురము న్యాయస్థానమునకు తెచ్చుటపై గగ్గోలు పుట్టగా, అందుకు బాధ్యులైన పోలీసు ఉద్యోగులు కొందరు సస్పెండు చేయబడిరి. అంతకు ముందు, 2023లో, నారాయణపేట జిల్లా చిత్తనూరులోను ఇట్టి కర్మాగారమును గూర్చియే గ్రామస్థులు పోరాట సమితిగా నేర్పడి యుండిరి. దౌర్జన్యమును, అది ఏ పక్షపుదైనను, మేము సమర్థింపము. కాని నల్లమలకై కదలిన పట్టణము ధన్వాడకై అంతగా కదలలేదు. పన్నెండు పల్లెల రేవు చెడిన తమ కుళాయి చెడదని తలచిరి కాబోలు.

దిగువవారు ఎగువవారిని అడుగు హక్కు ఎట్లుండునో రైన్ నది కథ చెప్పును. ఫ్రాన్సులోని పొటాషు గనులవారు ఉప్పును నదిలోనికి వదలుచుండగా, దిగువన నెదర్లాండ్సులో మొక్కలు పెంచుకొను తోటమాలి యొకడు, నదీరక్షణ సంఘ మొకటి కలిసి వ్యాజ్యమాడిరి. హాని కలిగిన చోటి న్యాయస్థానముననే దావా వేయవచ్చునని యూరోపు న్యాయస్థానము 1976లో తీర్పుచెప్పెను. 1986 నవంబరు 1న బాసెలు నగరము చెంత రసాయనముల గిడ్డంగి కాలి, ఆర్పిన నీరు నదిలో పడగా నీరెర్రబడి చేపలు గుంపులుగా చచ్చినవి. 1950 నుండియే తీరదేశముల కొక ఉమ్మడి సంఘ ముండుటవలన, మరుసటి యేడే వారు సాల్మను చేప మరల నదిలో నీదునట్లు చేయుదుమని కార్యక్రమము వేసికొనిరి. చేపలు తిరిగి వచ్చినవి.

మన సోదరీమణులకు చేతనైన పని యొకటి కలదు. 2019లో ఆరంభించిన జలజీవన్ పథకము క్రింద గ్రామమునకు ఐదుగురు స్త్రీలకు నీటిని పరీక్షించుట నేర్పి, పెట్టెల నిచ్చుట నిబంధన. ఆ పెట్టెలో ఫ్లోరైడునకు, నైట్రేటునకు, ఇనుమునకు మందులుండును. చిన్న సీసా యొకటి యుండును; దానిలో నీరుపోసి ఒకటి రెండు దినము లుంచినచో, మలసంబంధమైన క్రిమి యున్నప్పుడు నీరు నల్లబడును. చదువురాని అవ్వకును ఆ నలుపు తెలియును. మీ యూర ఆ ఐదుగు రెవరో పంచాయతి కచేరీలో అడుగుడు. కుళాయి నీటితో తృప్తిపడక, రేవు నీటిని, చెరువు నీటిని సైతము నెలకొకమారు చూచి తేదీతో పుస్తకమున వ్రాయుడు. పాలెములో వ్రాసిన పుస్తకమును గద్వాలవారును, బీచుపల్లి పుస్తకమును సోమశిలవారును చూచునట్లు మూడు జిల్లాల మహిళా సంఘములు ఏడాదికి రెండుమార్లయిన కూడవలయును. అధికారుల యెదుట కన్నీటికంటె తేదీలు వేసిన పుస్తకము గట్టిగా మాటలాడును.

కృష్ణా పుష్కరములు మరల 2028లో వచ్చును. 2016 పుష్కరములకు బీచుపల్లిలోను, సోమశిలలోను మెట్లు కట్టిరి, దీపములు పెట్టిరి. ఈమారు మెట్లకంటె ముందు, ఆ రేవులలో లీటరు నీటికి ప్రాణవాయువు లెక్క యెంతయో పలకపై వ్రాసి పెట్టుడని జిల్లా కలెక్టరుల నడుగుటకు ఇంకను వ్యవధి కలదు.